చలిపెట్టెకు గంట సెలవు

ల్యాబులో అందరూ దాన్ని 'మైనస్ ఎనభై' అనేవారు. ఆంజినప్ప ఒక్కడే 'ఆయమ్మ' అనేవాడు. "ఆయమ్మకు ఈ పొద్దు ఒంట్లో బాగలేదు సార్, మూలుగుతా ఉండాది" అని ఆయన వచ్చి చెబితే, కొత్తగా చేరినవాళ్లు ఆయన పెళ్లానికేదో జబ్బు చేసిందనుకుని, ఏ ఆసుపత్రిలో చేర్చారని అడిగేవారు.

ఆయమ్మ మనిషికన్నా జానెడు ఎత్తున్న తెల్లటి ఫ్రీజరు. అనంతపురం ఊరి బయట, గార్లదిన్నె దారిలో ఉన్న ఆ సర్కారు ల్యాబులో గొర్రెల జబ్బుల మీద పరిశోధన జరిగేది. పల్లెల్లో మందల నుంచి తీసిన రక్తాన్ని చిటికెన వేలంత గొట్టాల్లోకి ఎక్కించి, సున్నాకు కింద ఎనభై డిగ్రీల చలిలో ఆ పెట్టెలో దాచేవారు. అంతవరకు ఆంజినప్పకు తెలుసు. ఎందుకు దాస్తారో అటెండరుకు ఎవరూ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. మందేదో చేసి పెట్టి ఉంటారులే అనుకున్నాడు. గొర్రెల కాపరులు ఎవరైనా ఎదురుపడి అడిగితే, "మా పెట్టెలో మందు ఉండాది, టైం వస్తే బయటికి తీస్తారు" అని మీసం దువ్వి మరీ చెప్పేవాడు.

తెలియకపోయినా చేసే పనిలో మాత్రం లోటు లేదు. ఆ నేల మీద గాలి లేచిందంటే, కిటికీలు మూసినా ఎర్రదుమ్ము లోపలికి వస్తుంది. పెట్టె అడుగున గాలి పీల్చుకునే వల ఒకటుంది. దానికి దుమ్ము పట్టిందంటే ఆయమ్మకు ఊపిరాడదు. వారానికి రెండుసార్లు ఆంజినప్ప నేల మీద బోర్లా పడుకుని, పళ్లు తోముకునే పాత బ్రష్షుతో ఆ వలను గడి గడీ గీకి, తడిగుడ్డతో తుడిచేవాడు. తలుపు అంచున పేరుకున్న మంచును చెక్క గరిటెతో గీసేవాడు, ఇనుము తగలనిచ్చేవాడు కాదు. పెట్టె నెత్తి మీద అద్దం వెనక గుండ్రటి కాగితం ఒకటి బ్యాటరీ మీద మెల్లగా తిరుగుతుండేది. లోపల చలి ఎంతుందో దాని మీద ఒక చిన్న పెన్ను గీత గీస్తూ పోయేది. వారానికో కాగితం. ప్రతి సోమవారం పాతది తీసి కొత్తది పెట్టడం, పాతదాన్ని ఫైల్లో గుచ్చడం ఆంజినప్ప పని. ఐదేళ్లలో రెండొందల అరవై కాగితాలు గుచ్చాడు. వాటిని తీసి చూసిన పాపాన ఎవరూ పోలేదు.

2004 దసరా. గురు, శుక్రవారాలు సెలవులు కాబట్టి ఆఫీసులో ఆయుధ పూజ బుధవారమే పెట్టుకున్నారు. ఆ పెట్టె బాధ్యతంతా చూసే సైంటిస్టు ఉమాదేవి మేడం పండగకని ముందే గుంటూరు వెళ్లిపోయింది. ల్యాబుకు పెద్దసారు ఈశ్వరప్ప. సైంటిస్టు కాదు, మూడు నెలల కిందటే వేరే సర్కారు ఆఫీసు నుంచి బదిలీ మీద వచ్చాడు. మంచి భక్తిపరుడు. ఉదయాన్నే పట్టుపంచె కట్టుకుని వచ్చి వరండాలో నిలబడి అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"తిరిగే మిషనుకు బొట్టు పెడితే అదేం పూజప్పా? పరిగెత్తేవాని నొసట విబూది పూసినట్ల. ఒక గంట అన్నీ ఆపండి. తుడవండి, కడగండి. మడకకు, కొడవలికి ఆ పొద్దు సెలవిస్తాం గదా, వీటికేం పాపం వచ్చె?"

ఆ మాట ఆంజినప్ప గుండెకు సూటిగా తగిలింది. నిజమే కదా! డిపోలో బస్సులకు సెలవుంది. మిల్లుకు సెలవుంది. తన ఇంట్లో తిరగలికి కూడా ఆ రోజు పసుపు రాసి పక్కన కూర్చోబెడతారు. ఆయమ్మకు మాత్రం ఐదేళ్లుగా ఒక్క గంట విశ్రాంతి లేదు. వెనకటి సారు ఉన్నప్పుడు నడుస్తుండగానే బొట్టు పెట్టి ముగించేవారు. ప్రతి ఏడూ అది ఆంజినప్పకు కష్టంగానే ఉండేది, పని చేసే ఎద్దును కాడి కిందే ఉంచి పూజ చేసినట్టు.

పది గంటలకు గోడకున్న స్విచ్చు ఆపాడు. మూలుగు ఆగింది. గదిలో అంత నిశ్శబ్దాన్ని ఆయన ఎప్పుడూ వినలేదు.

"పడుకో తల్లీ, ఒక గంట" అన్నాడు.

తుడిచాడు. పసుపు రాశాడు. కుంకం బొట్లు పెట్టాడు. బంతిపూల దండ వేసి, కాళ్ల దగ్గర నిమ్మకాయ పెట్టి, టెంకాయ కొట్టాడు. పెద్దసారు హారతి పళ్లెంతో గది గదికీ వచ్చి ఇక్కడా హారతి ఇచ్చిపోయాడు. అందరూ బొరుగులు, పుట్నాలు తిన్నారు. పదకొండుకు ఆంజినప్ప స్విచ్చు వేశాడు. దీపం వెలిగింది. లోపల పంకా తిరిగిన చప్పుడయింది. తలుపు మీది అంకె మైనస్ డెబ్బైనాలుగు చూపిస్తోంది. సాయంత్రానికి దిగుతుందిలే అనుకున్నాడు. ఐదేళ్లు ఆగకుండా నడిచిన కంప్రెసరు ఒకసారి ఆగాక మళ్లీ లేవలేదని, తిరుగుతున్నది వట్టి పంకా మాత్రమేనని ఆయనకు తెలియదు.

పన్నెండు గంటలకు అరుణజ్యోతి వచ్చి, పెట్టె తెరిచి రెండు గొట్టాలు లోపల పెట్టి, రిజిస్టరులో సంతకం చేసింది. ఆమె కాంట్రాక్టు మీద పనిచేసే ల్యాబు టెక్నీషియన్. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల. వెంట్రుకంత పోగును పట్టి ముడివేసిన చేతులు కాబట్టి, సూది పట్టినా గొట్టం పట్టినా వణుకు తెలియదు. తలుపు తీస్తే అంకె కాస్త పైకి పోవడం మామూలే కనుక ఆమె కూడా పట్టించుకోలేదు.

"అన్నా, పోయొస్తా. పండగ బాగా చేసుకో" అని చెప్పి ధర్మవరం బస్సెక్కింది.

పెట్టెకు అలారం లేకపోలేదు. కరెంటు పోయినప్పుడల్లా చెవులు చిల్లులు పడేట్టు అరుస్తోందని దాని తీగను ఎవరో ఎప్పుడో పీకేశారు. ఆ సంగతి అందరికీ తెలుసు.

గురువారం ఆంజినప్ప గుత్తి పక్కనున్న అత్తగారి ఊరికి పోయాడు. సెలవుల్లో కూడా రోజుకొకసారి వచ్చి ఆయమ్మను చూసిపోయే మనిషి, ఆ ఒక్కరోజు రాలేకపోయాడు. శుక్రవారం పొద్దున్నే వచ్చి తాళం తీశాడు. బంతిపూలు వాడిపోయి ఉన్నాయి. పెట్టె కింద నీళ్లు. అంకె మైనస్ పదకొండు.

ఆంజినప్ప గేటు పక్కనున్న టెలిఫోను బూత్‌కు పరిగెత్తి గుంటూరుకు ఫోను చేశాడు. అవతల ఉమాదేవి సంగతి విని చకచకా చెప్పింది. "తలుపు తెరవొద్దు ఆంజినప్పా. జ్యోతికి చెప్పు. ఎద్దుల వీర్యం దాచే డిపోలో ద్రవ నత్రజని ఉంటుంది. ఎన్ని డబ్బాలుంటే అన్నీ తెప్పించండి."

జ్యోతి గంటంబావులో వచ్చింది, తలంటి పోసుకున్న జుట్టు ఆరకముందే. డిపోలో పనిచేసే రామాంజులును పండగ పీటల మీద నుంచి లేపుకుని వచ్చారు. ఆటోలో డబ్బాలు తెచ్చారు. జ్యోతి, ఆంజినప్ప సాయంత్రం దాకా అరలు ఒక్కొక్కటే బయటికి తీసి, థర్మకోల్ పెట్టెల్లో సర్ది, పైన ఆ పొగలు కక్కే ద్రవం పోశారు. తోలు తొడుగులు ఒక్క జతే ఉన్నాయి. అవి జ్యోతికి ఇచ్చి, ఆంజినప్ప తన కంబళిని చించి చేతులకు చుట్టుకున్నాడు. చలికి కప్పుకునే గొర్రె బొచ్చు ఆ రోజు చలిని కాపాడటానికి పనికొచ్చింది. మిగిలిన కంబళి ముక్కలు థర్మకోల్ పెట్టెల చుట్టూ కప్పారు. జ్యోతి వేళ్లు నీలం తిరిగాయి. ఏమైంది అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడు. అడగలేదు కాబట్టి నోరు రాలేదు.

మూడు వేల పైచిలుకు గొట్టాలు బతికాయి. చలి ముందుగా తగ్గే పై అరలో రెండొందలు అప్పటికే కరిగి నీళ్లయిపోయాయి. శనివారం బెంగళూరు నుంచి మెకానిక్ వచ్చి పెట్టెను లేపాడు.

సోమవారం పెద్దసారు జ్యోతిని పిలిపించాడు. గుంటూరు నుంచి తిరిగొచ్చిన ఉమాదేవి పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఆంజినప్ప నీళ్ల గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆఖరున తలుపు తెరిచింది ఎవురు?"

"నేనే సార్."

"ఈ సంతకం ఎవురిది?"

"నాదే సార్. కానీ నేను తలుపు సరిగానే వేసినా. గడియ పడిన చప్పుడు గూడా విన్నా."

"విన్నావంట! గడియ పడింటే చలి యాడికి పోతుందమ్మా? బుధవారం సంజాయిషీ ఇయ్యి. లేకుంటే నెలాఖరుకు నీ కాంట్రాక్టు మళ్లీ రాసేది లేదు."

నెలాఖరుకు ఇంకా ఆరు రోజులు. పెట్టెను కాపాడిన పిల్ల మీదనే పెట్టెను చెడగొట్టిన నింద పడింది. ఆంజినప్ప తేలు కుట్టిన దొంగలా గ్లాసులు అక్కడ పెట్టి బయటికొచ్చాడు.

సోమవారం కనుక కాగితం మార్చాలి. అద్దం తీసి పాత కాగితం చేతిలోకి తీసుకున్నాడు. చదువు అంతగా రాకపోయినా ఆ గీత ఆయనకు వచ్చు. సోమవారం నుంచి బుధవారం పది దాకా గీత కట్టు తప్పని ఎద్దులా ఒకే గాడిలో పోయింది. పది గంటల దగ్గర పైకి లేచింది, శనివారం మెకానిక్ వచ్చేదాకా మళ్లీ కిందికి దిగలేదు. జ్యోతి తలుపు తెరిచింది పన్నెండుకు. ఈ కాగితాన్ని చూసిన వాళ్లెవరూ జ్యోతి పేరెత్తరు.

దాన్ని తీసుకుపోయి ఉమాదేవి బల్ల మీద, అన్నింటికన్నా పైన, గీత కనబడేట్టు పెట్టాడు. తను చెప్పకుండానే కాగితం చెబుతుందని ఆశ. మధ్యాహ్నం వచ్చి చూస్తే దాని మీద కాఫీ గ్లాసు ఉంది. సాయంత్రం చూస్తే గుమస్తా దాన్ని తీసి ఎప్పటిలాగే ఫైల్లో గుచ్చేశాడు. రెండొందల అరవైకి ఒకటి తోడయింది, అంతే.

ఇంట్లో సంగటి ముద్ద ముట్టుకోకుండా కూర్చున్న మొగుణ్ణి లక్ష్మీనరసమ్మ నిలదీసింది. సంగతంతా విని చెయ్యి తిప్పింది.

"సారు ఆపమన్నాడు, నువ్వు ఆపినావు. నువ్వేమన్నా దొంగతనం చేసినావా? పూజ చేసినావు. నీదేం తప్పు?"

"నాది తప్పు కాదంటే, ఆ పాపది తప్పయితాది గదే."

లక్ష్మీనరసమ్మ ముద్దను కంచంలోంచి తీసి మూతపెట్టింది.

మంగళవారం కూడా ఆయన నోరు పెగల్లేదు. మూడుసార్లు పెద్దసారు గది దాకా పోయి, మూడుసార్లు టీ కావాలా అని అడిగి వచ్చాడు. ఆయన్ను ఆపింది ఉద్యోగ భయం కాదు, సిగ్గు. ఆయమ్మను ప్రాణంగా చూసుకుంటాడని పేరున్న మనిషి తన చేత్తోనే ఆయమ్మ గొంతు నొక్కానని ఎలా చెప్పుకుంటాడు? జ్యోతి ఆ రెండు రోజులూ క్యారియరు విప్పలేదు. కిటికీ పక్కన కూర్చుని సంజాయిషీ రాస్తూ కొట్టేస్తూ ఉంది.

బుధవారం పొద్దున ఆంజినప్ప ఫైలు తెరిచి ఆ కాగితాన్ని బయటికి లాగాడు. పెన్సిలు తీసుకుని, గీత పైకి లేచిన చోట, మూడో తరగతిలో నేర్చుకున్న అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ రాశాడు. 'ఈడ నేను ఆపినాను. ఆంజినప్ప.' తలుపు తట్టకుండానే పెద్దసారు గదిలోకి పోయాడు. జ్యోతి సంజాయిషీ కాగితం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కాగితం మీదే తన కాగితం పెట్టాడు.

ఈశ్వరప్ప కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

"ఆ పెట్టెను గూడా ఆపినావా?"

"ఆపినా సార్."

"అది బీరువా గదప్పా!"

"కాదు సార్. మిషనే."

ఈశ్వరప్ప మూడు నెలలుగా రోజూ దాని ముందు నుంచే నడిచిపోయాడు, దానికి హారతి కూడా ఇచ్చాడు. సామాను దాచే చల్లటి బీరువా అనుకున్నాడు గానీ అదీ తిరిగే యంత్రమేనని ఆయనకు తట్టనే లేదు.

"ఎవురు ఆపమన్నారు?" అని అడగనైతే అడిగాడు. అడిగాక గొంతు తగ్గిపోయింది. 

"ఎవురు చెప్పినా మీట నొక్కింది ఈ చెయ్యే సార్. ఆ పాపను ఇడిసిపెట్టండి."

ఈశ్వరప్ప జ్యోతి పేరున రాసిన మెమోను దగ్గరికి లాక్కుని అడ్డంగా గీత కొట్టాడు. చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ ఉండి, "ఆపమన్నది నేనే. పైకి అట్లే రాస్తా" అన్నాడు. "నీకు గూడా మెమో తప్పదు ఆంజినప్పా."

"ఇయ్యండి సార్."

వరండాలో జ్యోతి ఆయనకు అడ్డం వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మూడు దినాలు! నేను తలుపు వేసినానా లేదా అని నా చేతుల్నే నేను నమ్మలేక సచ్చినా. నువ్వు నా ముందరే నీళ్ల గ్లాసులు పట్టుకోని తిరుగుతాంటివి."

ఆంజినప్ప తల వంచుకుని విన్నాడు.

మధ్యాహ్నం పై అరలోని చచ్చిన గొట్టాలను బయటపడేయడానికి ఉమాదేవి, జ్యోతి, ఆంజినప్ప ముగ్గురూ ఆ గదిలో కూర్చున్నారు. ఆంజినప్ప పెట్టె తాళంచెవి తీసి ఉమాదేవి ముందు పెట్టాడు. "ఇంక ఇది నాకొద్దమ్మా. మందంతా పాడు చేసినా."

"మందా? ఇందులో మందు లేదు ఆంజినప్పా. రోగం ఉంది."

ఆయన కూర్చున్నచోటి నుంచి వెనక్కి జరిగాడు.

"మూడేళ్ల కిందట యాడికి ఊరి పక్క మూతులు వాచి గొర్రెలు చచ్చాయి చూడు. ఆ రోగాన్నే నిద్రపుచ్చి ఈ పై అరలో పెట్టాం."

"రోగం సస్తే మంచిదే గదమ్మా?"

జ్యోతి ఎంత కోపంలో ఉన్నా నవ్వాపుకోలేకపోయింది. ఉమాదేవి నవ్వలేదు. రోగానికి మందు చేయాలంటే ఆ రోగమే చేతిలో ఉండాలని, ఆ రకం మళ్లీ ఈ ప్రాంతంలో కనబడలేదని, రేపెప్పుడైనా వచ్చి మందల మీద పడితే మందు చేయడానికి ఇక ఆధారం లేదని, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది. వినేకొద్దీ ఆంజినప్ప ముఖం నల్లబడిపోయింది. పోయింది రెండొందల గొట్టాలు కాదని, ఇంకా పుట్టని గొర్రెల ప్రాణాలని అప్పుడు అర్థమైంది.

"మా ఊర్లో మారెమ్మను గుళ్లో పెట్టి తలుపేస్తారు. ఏటికొక తూరి తెరుస్తారు. నడమన తెరిస్తే ఊరికే చేటు. ఇది గూడా అట్లాంటిదేనని ఒక్క మాట చెప్పింటే, నేను ఆ మీట జోలికి పోయింటానా అమ్మా?"

"పోయేవాడివి కాదు" అంది ఉమాదేవి. "ఐదేళ్లు నీతో దుమ్ము తుడిపించుకున్నాను. ఇందులో ఏముందో ఒక్కరోజు కూర్చోబెట్టి చెప్పలేదు. అది నా తప్పు." తాళంచెవిని ఆయన వైపే జరిపింది.

తర్వాత ఒక గొట్టం మీది చీటీ చదివింది. "యాడికి, పుల్లన్న మంద. ఆ రోగం తగిలి బతికిన గొర్రె ఏదైనా ఇంకా ఉంటే, దాని రక్తంలో ఆ రోగం గుర్తు మిగిలి ఉంటుంది. పోయిందంతా తిరిగి రాదు. కానీ అదైనా దొరికితే సగం పని నిలబడుతుంది."

"నేను గూడా వస్తా" అన్నాడు ఆంజినప్ప.

గురువారం జీపులో యాడికి ఊరికి పోయారు. ఊరి అవతల గుట్ట కింద పుల్లన్న మంద మేపుతున్నాడు. అరవై దాటిన మనిషి. గడ్డం కింద కర్ర పెట్టుకుని, జీపు దిగినవాళ్లను కింది నుంచి పైదాకా చూశాడు.

"మళ్ల సూదులు తెచ్చినారా? పోయిన తూరి ఇట్లే వచ్చి నెత్తురు తీసుకోని పోయిరి. మందు యాడప్పా?"

ఉమాదేవి గొంతు సవరించుకుంది. "పెద్దాయనా, అప్పటి నమూనాలు కొన్ని సాంకేతిక కారణాల వల్ల..."

"కారణం నేనే అన్నా" అన్నాడు ఆంజినప్ప, ముందుకొచ్చి. "మీ గొర్రెల నెత్తురు చలిపెట్టెలో దాచింటిమి. ఆయుధ పూజకని నేను దాన్ని ఆపినా. మళ్ల లేయలేదు. నీ మంద నెత్తురంతా కరిగి పాయె. దాంతోనే మందు చేయాల్సింది. నేను పోగొట్టినా."

పుల్లన్న కర్ర మీద గడ్డం ఎత్తలేదు. గాలికి దుమ్ము లేచి వాళ్ల మధ్య నుంచి పోయింది. 

"ఆ పొద్దు నాకు ముప్పైయారు పోయినాయి" అన్నాడు పుల్లన్న. "ఒక్కొక్కదాన్ని ఈ చేతుల్తోనే గుంత తీసి పూడ్చినా."

"తెలుసన్నా."

"తెలీదు నీకు."

"ఔ. తెలీదు" అన్నాడు ఆంజినప్ప. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

పుల్లన్న కర్రను నేలలో గుచ్చి మందలోకి నడిచాడు. గొర్రెలు రెండుగా చీలాయి. ఒక ముసలి గొర్రెను వెనక కాలు పట్టి లాక్కుని వచ్చాడు. దాని పెదవి ఒకపక్క వంకర తిరిగి ఉంది.

"ఇది ఆ పొద్దు బతికింది. నాలుగు దినాలు ఒళ్లో పెట్టుకోని గంజి తాపినా. పోయిన తూరి వచ్చినోళ్లు ఏం తీసుకోని పోతాండారో నాకు చెప్పలేదు. నువ్వు ఏం పోగొట్టినావో చెప్తివి. పట్టుకో."

ఆంజినప్ప ఆ మట్టిలోనే మోకాళ్ల మీద కూర్చుని, గొర్రె మెడను రెండు చేతులా రొమ్ముకు అదుముకున్నాడు. జ్యోతి ఆయన పక్కనే కూర్చుని బొచ్చు పాయ తీసి నరం వెతికింది. పుల్లన్న వంగి, గొర్రె కదలకుండా దాని నొసట అరచెయ్యి పెట్టాడు.